నాలుగు తొమ్మిదుల జాతకం

తిరుపతిలో కాపురం ఉన్నవాడికి రెండు ఉద్యోగాలు. ఒకటి జీతం వచ్చేది. రెండోది చుట్టాలకు దర్శనం టికెట్లు తీసిపెట్టేది. మొదటిదానికి రిటైర్మెంట్ ఉంది. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు హైదరాబాదులో కూర్చున్నవాళ్ళకైనా, కొర్లగుంటలో కూర్చున్న నాకైనా అదే వెబ్‌సైటులో, అదే నిమిషానికి వదులుతారు. ఈ సంగతి మా వదినకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. "మీకు కొండ పక్కనే కదా మరిదీ, సిగ్నల్ బాగా అందుతుంది" అంటుంది.

మర్నాడు పొద్దున పదికి టికెట్లు. వదిన వాళ్ళు ఆరుగురు. మా ఇంట్లో నెట్ చూస్తే కొన్నాళ్ళుగా ఒక తిక్క పట్టింది. ఏ పేజీ తెరవమన్నా ముందు కాసేపు ఆలోచనలో పడుతుంది. తర్వాత ఏమీ జరగనట్టు గబగబా వచ్చేస్తుంది. లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ ఈ బాధ చెప్పుకుంటే, మా ఆఫీసులో నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు గ్లాసు కింద పెట్టకుండానే తేల్చేశాడు. "అది లైను తప్పు కాదు సార్. డీఎన్ఎస్. మార్చి పడేయండి." బీపీకి ఉప్పు తగ్గించమని డాక్టర్లు చెప్పే గొంతు అది.

నాకు అర్థమైనంతవరకు విషయం ఇది. బస్టాండులో దిగిన యాత్రికుడు "శ్రీనివాసం యాడుంది?" అని అడుగుతాడు. ఎవరో ఒకరు దారి చెప్పాలి. కంప్యూటర్లకు పేర్లు తెలియవు, అంకెలే తెలుసు. మనం వెబ్‌సైటు పేరు కొడితే దాని అంకెల చిరునామా వెతికి చెప్పేదే డీఎన్ఎస్. చెప్పేవాడు నిదానస్తుడైతే ఆటోవాడు ఎంత తోలినా లాభం లేదు, బయలుదేరడమే ఆలస్యం. అలాగని చెప్పేవాణ్ణి మారిస్తే ఆటో స్పీడు పెరగదు. ఈ రెండో ముక్క నేను ఆ రోజు సరిగా చదవలేదు.

1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన ఈ ఏర్పాటు చేసేదాకా, ఎవరి చిరునామా ఏమిటన్నది కాలిఫోర్నియాలో ఒకచోట ఒకే ఒక్క జాబితాగా ఉంచేవారట. కావలసినవాళ్ళు దాన్ని దించుకునేవారు. మా అమ్మ దగ్గర ఇప్పటికీ అలాంటి జాబితా ఒకటుంది, పాత క్యాలెండరు వెనక. అందులో సగం నంబర్ల మనుషులు లేరు, అయినా కొట్టెయ్యనివ్వదు.

మామూలుగా నెట్ ఇచ్చేవాడే ఈ దారి చెప్పేవాణ్ణి కూడా తగిలిస్తాడు. నచ్చకపోతే బయట ఉచితంగా చెప్పేవాళ్ళు బోలెడుమంది. ఎవరిని పెట్టుకోవాలన్నదే తేలాలి. రాత్రి భోజనాలయ్యాక కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి కాగితం చూసింది. అక్కడ చెడింది.

మా ఆవిడ సంఖ్యాశాస్త్రం చదవలేదు కానీ పెళ్ళైన నాటి నుంచీ ఆచరణలో ఉంది. మా స్కూటరు నంబరు కూడితే ఆరు. గ్యాసు కనెక్షన్ కూడితే మూడు. నన్ను కూడితే ఎంతొచ్చిందో ఇంతవరకూ చెప్పలేదు.

"ఇదేంది, నాలుగు ఎనిమిదులు?"

"8.8.8.8. గూగుల్ వాళ్ళది. 2009 నుంచీ ఉంది. ఎక్కువమంది పెట్టుకునేది ఇదే."

"ఒక్క శని చాలదని నాలుగు శనులను వరసగా ఇంట్లోకి పిలుస్తారా?"

"కూడి చూడవే. ముప్పైరెండు. అంటే అయిదు. బుధుడు."

"కూడేదాకా శని ఆగుతాడా? కంటికి కనిపించేది ఎనిమిదే కదా."

"శనివారం స్వామిదేగా!"

"స్వామిది శనివారం. శని కాదు." ఈ తేడాకి నా దగ్గర జవాబు లేదు. కొట్టేశాను.

తర్వాత క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ 1.1.1.1. కూడితే నాలుగు, రాహువు. "రేపే శ్రీకాళహస్తికి పోయి రాహుకేతు పూజ చేయించుకుని వస్తామంటే పెట్టండి" అంది. పైగా వాళ్ళు ఆ సర్వీసు మొదలుపెట్టింది 2018 ఏప్రిల్ ఒకటిన. నాలుగు ఒకట్లు కాబట్టి నాలుగో నెల ఒకటో తారీఖు ఎంచుకున్నారని వివరిస్తే, "చూశారా, వాళ్ళూ లెక్క చూసుకున్నారు" అని ఒక్క క్షణం మెచ్చుకుని, "ఏప్రిల్ ఫూల్ రోజు" అని కొట్టేసింది. వాళ్ళదే 1.1.1.3 అని ఇంకొకటుంది, పెద్దలకు మాత్రమే అనే సైట్లను ఇంట్లోకి రానివ్వదు. కూడితే ఆరు, శుక్రుడు, శుభం. కానీ డిగ్రీ చదివే మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి "అది ఎవరి కోసం నాన్నా?" అంది. ఎవరి కోసమని చెప్పినా గొడవే. ఓపెన్‌డీఎన్ఎస్ 208.67.222.222. మా ఆవిడ వేళ్ళు మడిచి మడిచి ముప్పైఅయిదు దగ్గర ఆగి, నా వైపు చూసింది. మళ్ళీ ఎనిమిది.

చివర్న 9.9.9.9 వచ్చింది. ఆమె మొహంలో వెలుగు నేను అమ్మాయి పుట్టినప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడే. తొమ్మిది. కూడితే ముప్పైఆరు, మళ్ళీ తొమ్మిది. ఎటు తిప్పినా తొమ్మిదే. "బండికి 9999 కావాలంటే ఆర్టీఓ ఆఫీసులో వేలంపాట పాడతారు. ఇది ఊరికే ఇస్తున్నారా?" అని రెండుసార్లు అడిగింది. అది క్వాడ్‌నైన్ అని లాభాపేక్ష లేని సంస్థ, 2017లో మొదలైంది, ఇప్పుడు స్విట్జర్లాండ్‌లో ఉంది. మోసపు సైటు ఏదైనా అడిగితే "అట్లాంటివాళ్ళు ఇక్కడెవరూ లేరు" అని వాకిట్లోంచే పంపేస్తుంది. నిజానికి నా మనసు కూడా దాని మీదే ఉంది, కారణం వేరు. అయినా ఏ దారి చెప్పేవాడికైనా మనం ఎక్కడెక్కడికి పోతున్నామో తెలుస్తుంది. ఇదివరకు ఎదురింటాయనకు తెలిసేది, ఇకమీదట పక్కింటాయనకు తెలుస్తుంది. పక్కింటాయన కాస్త నోరు కట్టుకునే రకమైతే అంతే చాలు.

ముందు నా ఫోన్‌లో పెట్టి చూద్దామనుకున్నాను. సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంది. 9.9.9.9 కొట్టాను. తీసుకోదు. అక్కడ అంకెలు పనికిరావట, పేరు కావాలట. పేర్లకు అంకెలు వెతికిపెట్టేదాన్ని పేరుతో పిలవమంటుంది! వద్దులే, ఇంటి మొత్తానికీ ఒకేసారి రూటర్‌లోనే మారుద్దాం అనుకున్నాను.

మా రూటర్ హాల్లో షెల్ఫు మీద, సాయిబాబా పటం పక్కన ఉంటుంది. దాని పాస్‌వర్డు అడుగున స్టిక్కరు మీద ఉంటుందని తిప్పి చూశాను. ఆయుధపూజ నాడు కత్తిపీటకు, కుట్టుమిషనుకు, స్కూటరుకు పెట్టినట్టే దీనికి కూడా గంధం, కుంకుమ పెట్టి ఉన్నాయి. పైన గాలి రంధ్రాలు మూసుకుపోతాయని మా ఆవిడ ముందుచూపుతో అడుగున పెట్టింది. సరిగ్గా పాస్‌వర్డు చివరి రెండు అక్షరాల మీద. తడిగుడ్డ తీసుకుంటే "బొట్టు చెరుపుతారా!" అని కేక. టార్చి వేసి, కళ్ళద్దాలు పైకి నెట్టి, పక్కకు వంచి చూస్తే కుంకుమ కింద ఒక గుండ్రం కనబడింది. సున్నానో, ఓ అక్షరమో. ఓ కొట్టాను, కాదంది. సున్నా కొట్టాను, కాదంది. దాని పక్కది ఒకటో, చిన్న ఎల్లో. నాలుగో ప్రయత్నానికి తలుపు తీసింది.

లోపల సత్రంలో గదుల్లా గడులు. అందులో డీఎన్ఎస్ అని రెండున్నాయి, మొదటిది, రెండోది. రెండోదాని పక్కన 'ఐచ్ఛికం' అన్న అర్థం వచ్చే మాట ఉంది. ఐచ్ఛికం అన్నది నేను స్కూల్లో కూడా రాయలేదు. ఖాళీగా వదిలేశాను. మొదటిదాంట్లో ఫోన్ మీదే బొటనవేలితో తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది కొట్టి సేవ్ నొక్కాను.

కొట్టాననుకున్నాను.

వెంటనే ఒక పేపరు సైటు తెరిచాను. టక్కున వచ్చింది. ఇంకొకటి, టక్కున. "చూశావా!" అన్నాను. మా ఆవిడ తన ఫోన్‌లో వంటల వీడియో పెట్టి "అవునండీ, నూనె మరిగేది కూడా తొందరగా ఉంది" అంది. మా అమ్మ టీవీలో ప్రవచనం వింటూ "ఒరే అబ్బోడా, ఈ స్వామి మాట ఇయ్యాల స్పష్టంగా ఉండాది" అని మెచ్చుకుంది. వదినకు ఫోన్ చేసి నెట్ స్పీడు పెంచానని చెప్పాను. "కొండ పక్కన కదా" అంది. తృప్తిగా లైట్లతో పాటు రూటర్ స్విచ్ కూడా ఆపి పడుకున్నాం. రాత్రిపూట దాన్ని ఆపడం మా ఇంటి ఆచారం.

పొద్దున తొమ్మిదిన్నరకే ఆఫీసుకు లేటవుతుందని చెప్పి, ల్యాప్‌టాపు, రెండు ఫోన్లు బల్ల మీద పేర్చి, ఆరుగురి ఆధార్ నంబర్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ రూటర్ స్విచ్ వేసి దణ్ణం పెట్టింది. లైట్లన్నీ పచ్చగా వెలిగాయి. సైటు తెరవమన్నాను. తిరుగుతుంది. తిరుగుతుంది. సర్వర్ దొరకలేదంది. టికెట్ల రద్దీ అనుకుని పేపరు సైటు కొట్టాను. అదీ దొరకలేదు. గూగుల్ దొరకలేదు. గూగుల్ దొరకకపోవడం నా జీవితంలో అదే మొదలు. ఊళ్ళో కొండ కనబడకపోతే ఎట్టుంటుందో అట్టుంది.

కేబుల్ అబ్బాయికి ఫోన్ చేశాను.

"లైటు ఎర్రగా ఉండాదా పచ్చగా ఉండాదా సార్?"

"పచ్చగా."

"అయితే నెట్ ఉండాది సార్."

"ఉంటే రావాలి కదా?"

"ఉండాది సార్. రావడంలేదంతే." అతను చెప్పింది అక్షరాలా నిజమని సాయంత్రం తెలిసింది. అప్పుడు మాత్రం తిట్టుకున్నాను.

మా అమ్మాయి కాలేజీలో, ఫోను బ్యాగులో. ఇంట్లో వైఫై ఉండగా దండగెందుకని మా ఇద్దరి సిమ్ములకూ డేటా లేని చవక ప్లాన్ వేయించిన తెలివి నాదే. గంట పదయింది. పది దాటి అయిదయింది. హైదరాబాదు నుంచి "అయిందా మరిదీ?" అని ఒక ఫోను. మా ఆవిడ రూటర్ చుట్టూ అగరొత్తి తిప్పుతోంది.

లోపలి గదిలోంచి ప్రవచనం వినిపిస్తోంది. ఇద్దరం ఒకేసారి తలెత్తాం.

"అమ్మా, నీకు నెట్ వస్తా ఉందా?"

"రాకేం? టీవీలో రాలేదని నా ఫోన్‌లో పెట్టుకున్నా." అమ్మ సిమ్ముకు బెంగళూరులో ఉన్న మా తమ్ముడు నెలనెలా డేటా వేస్తాడు. వైఫై పాస్‌వర్డు అడిగితే నేను విసుక్కుంటానని ఆమె దాని జోలికే రాలేదట. పోతన పద్యం మధ్యలో ఫోను లాక్కున్నందుకు అమ్మ నన్ను అన్న మాటలు ఇక్కడ రాయలేను. అంత చిన్న తెర మీద ఆరుగురి పేర్లు కొట్టేసరికి వదిన అడిగిన తారీఖులు నిండిపోయాయి. ఒక మంగళవారం దొరికింది. మంగళవారం ఆమె ప్రయాణం చేయదు. అది మళ్ళీ వేరే కథ.

సాయంత్రం అమ్మాయి వచ్చి, బ్యాగు దించకుండానే రూటర్ పేజీ తెరిచింది. "నాన్నా, ఈ ఆరెందుకుంది?"

9.9.9.6. ఫోన్ అంకెల్లో తొమ్మిదికి సరిగ్గా పైన ఆరుంటుంది. నా బొటనవేలు పెద్దది. కూడితే ముప్పైమూడు, అంటే ఆరు, మళ్ళీ శుక్రుడే. శుభమే కానీ, దారి అడిగితే శుక్రుడు పలకలేదు.

"మరి రాత్రి అంత స్పీడుగా ఎట్లా వచ్చింది?" అన్నాను.

"రాత్రి ఎవరికీ కొత్తది అందలేదు నాన్నా. రూటర్‌లో మార్చినా, ఫోన్లు, టీవీ మళ్ళీ వచ్చి కనెక్టయ్యేదాకా పాత నంబరే పట్టుకుని ఉంటాయి. రాత్రి మీరంతా మెచ్చుకున్నది పాతదాన్నే. పొద్దున స్విచ్ వేశాక అన్నీ ఈ ఆరుని పట్టుకున్నాయి."

మా ఆవిడ నూనె సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అమ్మాయి ఆరుని తొమ్మిది చేసింది. తర్వాత నేను వదిలేసిన రెండో గడిలోకి వెళ్ళింది. "మొదటిది పలకకపోతే దీన్ని అడుగుతుంది. ఇది నింపి ఉంటే పొద్దున ఇంత టెన్షన్ ఉండేది కాదు" అంటూ క్వాడ్‌నైన్ వాళ్ళదే రెండో నంబరు కొట్టింది. 149.112.112.112.

నా వెనక గాజుల చప్పుడయింది. మా ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి నిలబడింది. ఒకటీ నాలుగూ అయిదు, తొమ్మిదీ పద్నాలుగు, అని పెదాలు కదులుతున్నాయి. వేళ్ళు మడుచుకుంటున్నాయి. నేను అప్పటికే కూడేశాను. ఇరవైఆరు. అంటే ఎనిమిది.

ఆమె రెండో నూట పన్నెండు దగ్గరుండగా సేవ్ నొక్కేశాను.