కోటకూ కోనకూ కావలి ఎవరు?

ప్రకాశం జిల్లా దొనకొండ మండలం చందవరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న బౌద్ధస్తూపం దగ్గరి శిల్పమొకటి ఆస్ట్రేలియా దాకా పోయింది. బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులను సున్నపురాయి మీద మలిచిన ఆ పలక వయసు దాదాపు పదిహేడు వందల ఏళ్లు. కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ 2005లో దాన్ని న్యూయార్క్ వ్యాపారి దగ్గర సుమారు 6 లక్షల డాలర్లు పోసి కొన్నది. అది దొంగచాటుగా దేశం దాటిన సొత్తని తేలాక 2016లో మనకు అప్పగించింది. రాయి తిరిగొచ్చినందుకు సంతోషమే. కానీ అది పోయిన రోజున మన జిల్లాలో ఎన్ని గడపలకు ఆ సంగతి తెలిసింది? రాములవారి గుడిలో కంచు గంట పోతే తెల్లారేసరికి ఊరంతా రచ్చబండ దగ్గరుంటుంది. స్తూపంలో రాయి పోతే ఊరు కదలలేదంటే ఆ రాయి తమదని ఊరికి ఎవరూ ఏనాడూ చెప్పలేదన్న మాట.

పాత కట్టడాలను జనానికి ఎంతవరకు తెరవాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. రోడ్డు వెయ్యండి, హోటళ్లు కట్టండి, నాలుగు డబ్బులొస్తాయని ఒకరు. జనం వస్తే పాడు చేస్తారు, కంచె వేసి తాళం పెట్టండని ఇంకొకరు. ఈ రెంటిలోనూ కొంత నిజముంది. అయినా నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల అనుభవం చూశాక మేము ఒక సంగతి గట్టిగా నమ్ముతున్నాం. జనం తాకిడికి అరిగిన రాళ్లకంటే, జనం అలికిడి లేక పోగొట్టుకున్న రాళ్లే మనకు ఎక్కువ.

నెల్లూరు జిల్లా ఉదయగిరి కోటనే చూడండి. మూడు వేల అడుగులు దాటిన కొండ. ఒడిశా గజపతుల చేతిలోని ఆ దుర్గాన్ని పట్టడానికి శ్రీకృష్ణదేవరాయలంతటి వాడికి ఏడాదికి పైగా పట్టింది. 1514లో కోట స్వాధీనమయ్యాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, అక్కడ కృష్ణాలయం కట్టించి ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఉదయగిరి బిడ్డ తన దేవుణ్ణి చూడాలంటే హంపీ కాదు, ఆ మ్యూజియం ఉన్న ఎగ్మూరు వెళ్లాలి. రాయల సేనలు అంతకాలం కాచుకున్న కోటకు ఇవాళ శత్రువు ఎవరో కొండెక్కితే తెలుస్తుంది. పిట్ట రెట్టలో పడిన రావి గింజ గోడ సందులో మొలుస్తుంది. మొదటి ఏడు వేలెడంత మొక్క, రెండు వేళ్లతో పీకి పారేయవచ్చు. పదేళ్లకు దాని వేరు సున్నపు గచ్చును చీల్చుకుని రాతికీ రాతికీ మధ్య చెయ్యి దూరేంత సందు చేస్తుంది. అప్పుడు పీకితే గోడే ఊడి వస్తుంది, వదిలేస్తే రెండు వర్షాకాలాలకు బురుజే కూలుతుంది. ఆ మొదటి ఏడు ఆ దారిన రోజూ నడిచే మనిషి ఒక్కడుంటే చాలు.

మనుషులు తిరగని చోట తిరిగేవాళ్లు వేరే ఉంటారు. గుప్తనిధుల పిచ్చితో పలుగూ పారా పట్టుకుని రాత్రిళ్లు కొండెక్కే ముఠాల వార్తలు ఈ ప్రాంతాల పాఠకులకు కొత్తకాదు. నంది మెడ కింద తవ్వకం, శివలింగం కింది పానవట్టం పెకలింపు, గర్భగుడిలో నిలువెత్తు గొయ్యి. ఈ పనులన్నీ పగలు పది మంది మసలే గుడుల్లో జరగవు, దీపం పెట్టే దిక్కులేని గుడుల్లోనే జరుగుతాయి.

అలాగని జనం ఏం చేసినా చెల్లుతుందని మేము అనడం లేదు. భైరవకోన సంగతి ఉదయగిరికి పూర్తిగా తలకిందులు. వెలిగొండల అంచున, సెలయేటి పక్కన, ఒకే రాతి గోడను తొలిచి మలిచిన ఎనిమిది శివాలయాలు అవి. వానలు పడితే పైనుంచి జలపాతం దూకుతుంది. కార్తీక మాసంలో, శివరాత్రికి వచ్చే భక్తులకు అక్కడ చోటు చాలదు. వాళ్లను రావద్దనే హక్కు ఎవరికీ లేదు. ఆ గుహలను చెక్కించినవాళ్లు బొమ్మల కొలువు కోసం చెక్కించలేదు, పూజ కోసమే చెక్కించారు. పూజ ఆగిపోతే వాటి ప్రాణం పోయినట్టే.

అయితే రాతి గుహలో దీపం పెడితే ఏమవుతుందో దగ్గరగా చూడాలి. ప్రమిద అంచు దాటిన నూనె బొట్టు రాతి మీద పడి ఇంకుతుంది. రాయి నూనె తాగుతుంది, మళ్లీ కక్కదు. ఆ జిడ్డు మీద మసి అంటుకుంటుంది, మసి మీద దుమ్ము పేరుకుంటుంది. పై ఏడు శుభ్రం చేస్తామని ఎవరో సబ్బు, యాసిడ్, ఇనుప బ్రష్షు తెస్తారు. మసితోపాటు శిల్పి ఉలి గీసిన సన్నని గీతలు కూడా పోతాయి. ఆ పైన అందం కోసం ద్వారపాలకుడికి ఎనామెల్ పెయింటు వేస్తే రాయి లోపలి చెమ్మ బయటికి రాలేక పై పొర పెచ్చులుగా ఊడుతుంది. ఇందులో చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. అందరిదీ భక్తే. పదమూడు వందల ఏళ్లుగా వానకూ ఎండకూ తట్టుకున్న ముఖం ఆ భక్తి వల్లే ఒక తరంలో చెరిగిపోతుందంటే, తప్పు భక్తులది కాదు. దీపం ఎక్కడ పెట్టాలో చూపించనివాళ్లది.

గుహ ముందు, రాతికి దూరంగా, ఇనుప దీపాల గట్టు ఒకటి చేయించడానికి ఎంత ఖర్చవుతుంది? గర్భాలయంలో ఒక్క అఖండ దీపం, భక్తుల దీపాలన్నీ బయట గట్టు మీద అని పూజారిగారి నోటితో చెప్పిస్తే కాదనే భక్తుడు ఉంటాడని మేము అనుకోం. రద్దీ రోజుల్లో గుహలోకి పది పది మందిని పంపడం తిరుమలలో క్యూలో నిలబడే మన జనానికి కొత్త విద్య కాదు. వనభోజనాలు, విస్తర్లు, ప్లాస్టిక్ గ్లాసులు ఏటి అవతలి గట్టుకు.

చట్టం మాటకొస్తే, కేంద్ర రక్షణలోని కట్టడాన్ని పాడు చేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అని పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టానికి 2010లో తెచ్చిన సవరణ చెబుతోంది. హంపీలో రాతి స్తంభాన్ని తోసి పడేసి వీడియో తీసుకున్న యువకులకు 2019లో కోర్టు జరిమానాతోపాటు ఆ స్తంభాన్ని వాళ్ల చేతులతోనే నిలబెట్టించింది. మాకు నచ్చిన శిక్ష అది. జైలుకంటే ఆ బరువు ఎక్కువ కాలం గుర్తుంటుంది.

కానీ అదే చట్టం కట్టడం చుట్టూ వంద మీటర్ల లోపు కొత్త కట్టుబడి వద్దంటుంది, ఆపై రెండు వందల మీటర్ల వరకు అనుమతి ఉండాలంటుంది. నిబంధన అవసరమే, మేము దాన్ని సడలించమనడం లేదు. అయితే కోట నీడలో పుట్టి పెరిగిన పేదవాడికి ప్రభుత్వం నుంచి అందేది ఆ ‘వద్దు’ ఒక్కటే అయితే, కారుతున్న మిద్దె బాగు చేసుకోవడానికి కూడా ఆఫీసుల చుట్టూ నెలల తరబడి తిరగాల్సివస్తే, వాడికి ఆ కోట శాపంలా కనిపిస్తుంది. శాపానికి ఎవరూ కాపలా కాయరు. మరమ్మతు అనుమతులు మండల కేంద్రంలోనే, గడువు పెట్టి ఇవ్వాలి.

ఉదయగిరి చేతుల్లో ఇంకో సంపద ఉంది. నర్ది చెక్కతో అక్కడి కళాకారులు, ఎక్కువగా మహిళలు, చెక్కే గరిటెలకు, చెంచాలకు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. కొండెక్కి దిగిన యాత్రికుడు ఆ చెంచా ఒకటి కొనుక్కుని బస్సెక్కితే, ఆ ఇంటికి కోట మీద మమకారం ఎవరూ చెప్పకుండానే పుడుతుంది. గైడ్లుగా పై ఊరివాళ్లను తేనక్కర్లేదు. కొండ మీద ప్రతి దారీ తెలిసిన మేకల కాపరులు, వాళ్ల చదువుకున్న పిల్లలు ఉన్నారు. చరిత్ర నేర్పి, గుర్తింపు కార్డిచ్చి, నెల జీతమిస్తే గైడూ వాళ్లే, కావలీ వాళ్లే. శిథిలమై కూలడానికి సిద్ధంగా ఉన్న కట్టడాల దగ్గర మాత్రం కంచె వేయాల్సిందే. మెట్ల దారి కావాలి. తాగునీరు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి కొండ కిందే ఉండాలి. పైన సిమెంటు వద్దు. రోప్‌వే కలలు చూసేవాళ్లు ముందు ఆ రావి మొక్కలు పీకించాలి.

వీటన్నిటికంటే ముందు జరగాల్సిన పని, ఖర్చు తక్కువైన పని ఇంకోటుంది. పోయిన శిల్పం మనదేనని విదేశంలో నిరూపించాలంటే అది మన నేల మీద ఉన్నప్పటి ఫొటో కావాలి, కొలతలు కావాలి. చందవరం, భైరవకోన, ఉదయగిరిలతోపాటు పొలాల గట్ల మీద, చెరువు కట్టల కింద పడి ఉన్న వీరగల్లులు (పోరులో నేలకొరిగిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు), నాగశిలలు, శాసనాలు అన్నిటికీ ఫొటోతో, కొలతతో, ఉన్న చోటుతో ఒక చిట్టా తయారు కావాలి. హైస్కూలు పిల్లలు, వాళ్ల సాంఘికశాస్త్రం మాస్టార్లు ఒక వేసవిలో ఈ పని చేయగలరు. పురావస్తు శాఖ ఆ చిట్టాను సరిచూసి ఒక ప్రతిని కలెక్టరేటులో, ఒక ప్రతిని ఆ ఊరి పంచాయతీ ఆఫీసు గోడ మీద ఉంచాలి. ఈ ప్రాంత జిల్లాల కలెక్టర్లు వచ్చే కార్తీక మాసం లోపు కనీసం ఒక్కో మండలంలోనైనా ఈ పని మొదలుపెట్టించాలని, మొదటి సోమవారం నాటికి భైరవకోన గుహల ముందు దీపాల గట్టు సిద్ధం కావాలని మేము కోరుతున్నాం.