జీన్ పర్డీ పేరు కూడా రాయాల్సింది

టెస్ట్‌ట్యూబ్ బేబీ (ఐవీఎఫ్) పద్ధతిని రూపొందించిన బ్రిటిష్ శాస్త్రవేత్త రాబర్ట్ ఎడ్వర్డ్స్ పరిశోధనా జీవితంపై వచ్చిన ఈ వ్యాసంలో 1978 జూలై 25న ప్రపంచంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ పుట్టడం, ఆయనకు వచ్చిన 2010 నోబెల్ బహుమతి వివరంగా ఉన్నాయి గానీ, ఆ పరిశోధనలో ఆయనతో కలిసి పనిచేసిన జీన్ పర్డీ ప్రస్తావన లేకపోవడం నన్ను బాధించింది. చెన్నైలోని ఒక సంతాన సాఫల్య కేంద్రం ల్యాబ్‌లో 12 ఏళ్లుగా పనిచేస్తున్నాను. నిన్న ఒకే కణంగా ఉన్న పిండం పొద్దున్నే మైక్రోస్కోపు కింద నాలుగు కణాలై కనబడితే, నెల్లూరు నుంచి రాత్రి బస్సులో వచ్చి వరండాలో కూర్చున్న దంపతులకు ఆ మాట తెలుగులో చెప్పే అదృష్టం చాలాసార్లు నాకే దక్కింది. లూయీగా ఎదిగిన పిండం అలా విభజన చెందడాన్ని మొదట చూసింది, నర్సుగా శిక్షణ పొందిన పర్డీయే. ఆమె 1985లో, 39 ఏళ్లకే కన్నుమూశారు. లూయీ పుట్టిన ఇంగ్లండ్ పట్టణం ఓల్డ్‌హామ్‌లో ఈ విజయానికి గుర్తుగా పెట్టే ఫలకంపై ఆమె పేరూ ఉండాలని ఎడ్వర్డ్స్ స్వయంగా కోరినా అప్పట్లో ఎవరూ వినిపించుకోలేదు. దయచేసి వ్యాసంలో ఆమె గురించి ఒక పేరా చేర్చండి.