అటక మీది క్యాసెట్ల డబ్బా సంగతి ముందు చూడండి

ఎల్‌పీ రికార్డుల మీద మళ్లీ మోజు పుట్టింది. సంతోషం. కానీ ఘంటసాల భగవద్గీత ఎల్‌పీని బేరమాడి, వేలు పోసి కొనుక్కొచ్చిన ఇంట్లోనే, తాతగారు రికార్డు చేసి పెట్టుకున్న క్యాసెట్లు అటక మీద రేకు డబ్బాలో ఉడికిపోతుంటాయి. ఒళ్లు మండేది అక్కడే. ఆ గీత హెచ్‌ఎంవీ వేసిన రికార్డు, ఒకటి పోతే ఇంకోటి దొరుకుతుంది. నవమి పందిట్లో జరిగిన కచేరీ, ఊళ్లో తెల్లవార్లూ ఆడిన రాయబారం, విజయవాడ రేడియోలో పొద్దున్నే వచ్చిన భక్తిరంజని అలా కాదు. ఎవరో టూ ఇన్ వన్ (రేడియో, టేప్ రికార్డరు కలిసిన డబ్బా) ముందు కాపలా కూర్చుని పట్టినవి అవి. వాటికి రెండో కాపీ ఉండదు. రేడియో స్టేషన్లలోనే టేపు చెరిపి మళ్లీ వాడుకునే రోజులవి.

కాబట్టి కొన్న క్యాసెట్లు పక్కన పెట్టి, చేతిరాత ఉన్నవి ముందు తీయండి. వాటిలోనూ సీ-120 (రెండు వైపులా కలిపి 120 నిమిషాలది) ఉంటే అదే మొదటిది. సీ-60 టేపు మందం సుమారు 18 మైక్రాన్లు, సీ-90 12, సీ-120 తొమ్మిదే. అంత పల్చటిది సాగుతుంది, ముడతపడుతుంది, రోలర్‌కి చుట్టుకుంటుంది. పైగా ఏళ్ల తరబడి వేడిలో ఉంటే ఒక చుట్టలోని శబ్దం పక్క చుట్టకి అంటుకుంటుంది. పాట ఎత్తుకోకముందే సన్నగా అదే పల్లవి దూరంగా వినిపించడం దానివల్లే. టేపు పల్చనయ్యేకొద్దీ ఇది ఎక్కువ.

దొరికిన క్యాసెట్‌ని దొరికినట్టే ప్లేయర్లో పడేయకండి. క్యాసెట్ మధ్య ఉండే చిన్న కిటికీలోంచి టేపు అంచు మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. కోస్తా ఊళ్లలో మరీ ఎక్కువ. దాన్ని మంచి డెక్ (స్టీరియోకి తగిలించే క్యాసెట్ ప్లేయర్)లో పెడితే తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ అంటుతుంది, కాబట్టి వాటిని విడిగా ఉంచి చివర్లో చూడండి. బూజు లేకపోతే నటరాజ్ పెన్సిల్ దూర్చి నాలుగు చుట్లు తిప్పి చూడండి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం వద్దు. తర్వాత టేపు వెనక ఇత్తడి రంగు రేకు మీద అతికించిన ఫెల్ట్ ముక్క ఉందో లేదో చూడండి. జిగురు ఎండి అది ఊడిపోతే టేపు, శబ్దాన్ని చదివే హెడ్‌కి ఆనదు, పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది. చాలామంది "టేపు పోయింది" అని పారేసేవి ఇవే. టేపుకి ఏమీ కాలేదు. అయిదు స్క్రూలున్న ఏదైనా పనికిరాని క్యాసెట్ విప్పి, ఆ డొల్లలోకి ఈ చుట్టలు రెండూ మార్చండి. పల్చటి జారుడు కాగితాలు, మూలల్లో రెండు చిన్న రోలర్లు మర్చిపోవద్దు. స్క్రూలు లేకుండా అతికించిన రకమైతే, టేపు బయటికి కనిపించే వైపు కాకుండా ఎదుటి అంచు నుంచి బ్లేడుతో మెల్లగా తెరవాలి. ఇంకో మాట: వెనక అంచులో ఆ రెండు ప్లాస్టిక్ రెక్కలు విరవకుండా ఉంటే ముందు విరిచేయండి. తాతగారి కచేరీ మీద మనవడు పొరపాటున రికార్డు బటన్ నొక్కితే చేయగలిగిందేమీ లేదు.

ప్లేయర్ విషయంలో, ఆన్‌లైన్లో దొరికే ఆ చవక యూఎస్‌బీ వాక్‌మన్ డబ్బాలకి దండం పెట్టండి. వేగం నిలకడగా ఉండదు, తంబుర ఊగుతుంది. పాత డెక్ ఒకటి సంపాదించి బెల్టులు మార్పించండి. పాత బెల్టు తారులా కరిగి చేతికి అంటుతుంటే అది మోటార్ కప్పీకి కూడా అంటి ఉంటుంది, పూర్తిగా తుడవాలి. హెడ్‌నీ, టేపుని లాగే సన్నటి లోహపు కడ్డీ క్యాప్‌స్టన్‌నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, రబ్బరు రోలర్‌ని సబ్బునీళ్లతో. రోలర్ గట్టిపడి నిగనిగలాడుతుంటే అది టేపు నమిలే రోలర్. మార్చేయడమే.

ఇక అందరూ వదిలేసేది హెడ్ వాలు, అజిముత్. ఇంట్లో పట్టిన ప్రతి క్యాసెట్టూ ఆ ఇంటి టూ ఇన్ వన్ హెడ్ ఎంత వాలి ఉందో అంత వాలుగా రికార్డై ఉంటుంది. మీ డెక్ హెడ్ అదే వాలులో లేకపోతే పై స్థాయి శబ్దాలన్నీ ఎగిరిపోతాయి. హెడ్ పక్కన స్ప్రింగు మీద ఉండే స్క్రూ వెతకండి, అది మొదట ఉన్న చోటు మార్కరుతో గుర్తు పెట్టుకోండి. మోనోలో (రెండు చానెళ్లూ కలిపి) హెడ్‌ఫోన్ పెట్టుకుని, అయస్కాంతం పట్టని స్క్రూడ్రైవర్‌తో కాస్త కాస్త తిప్పండి. తాళాలు, "స, ష" అక్షరాలు ఎక్కడ తేటగా పలికితే అక్కడ ఆపండి. అర చుట్టు దాటి తిప్పాల్సిన పని సాధారణంగా రాదు. రెండో వైపు వేసినప్పుడు మళ్లీ చూడాలి. ఈ ఒక్క పనికి పట్టేది రెండు నిమిషాలు. తర్వాత ఎన్ని సాఫ్ట్‌వేర్లు వాడినా రాని తేటదనం దీంతో వస్తుంది.

వేగానికి ఒక చిట్కా. కరెంటు మీద నడిచిన మైక్‌సెట్‌లోంచి పట్టిన రికార్డింగుల్లో సన్నటి గుయ్యి ఉంటుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గీసి చూపే స్పెక్ట్రమ్‌లో అది 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. 52 దగ్గర కనిపిస్తే టేపు వేగంగా తిరుగుతోందన్నమాట. ఖచ్చితంగా సరిచేయబోకండి, ఆ రోజుల్లో మన కరెంటే 50 కంటే దిగువకి జారుతుండేది. శ్రుతి మరీ తేడాగా ఉన్నప్పుడు మాత్రమే ఇది సాక్ష్యం.

రికార్డు చేసేది లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (డెక్‌కీ కంప్యూటర్‌కీ మధ్య పెట్టే చిన్న డబ్బా) లైన్ ఇన్‌కి. లాప్‌టాప్ మైక్ రంధ్రంలోకి కాదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు, అతి పెద్ద శబ్దం మైనస్ 6 డెసిబెల్ దాటకుండా. సీ-60 మొత్తానికి ఒక జీబీ, సీ-90కి ఒకటిన్నర. ఎంపీ3 వాట్సాప్‌లో బంధువులకి పంపడానికే.

అసలు గొడవ నాయిస్ రిడక్షన్‌తో. "సర్రుమనే శబ్దం తీసేశాం" అని గొప్పగా పెడతారు. సర్రుతో పాటు తంబుర కూడా పోతుంది! ఆ సాఫ్ట్‌వేర్ లెక్కలో మారకుండా మోగేదంతా చెత్త, తంబుర పనే మారకుండా మోగడం. పాట మొదలవకముందు తంబుర మోగుతున్న చోటుని నమూనాగా చూపిస్తే ఇక చెప్పక్కర్లేదు. గాయకుడు నూతిలోంచి పాడుతున్నట్టు తయారవుతాడు. మీకు కావాలంటే వేరే కాపీ మీద చేసుకోండి, అసలు ఫైలు ముట్టకండి.

ఎల్‌పీల వాళ్లకి నాలుగు ముక్కలు. సూట్‌కేస్ ప్లేయర్ల సూది బరువు చాలావాటిలో అయిదు గ్రాముల పైమాటే. మంచి కార్ట్రిడ్జ్‌కి (సూదిని పట్టి ఉంచే భాగం) సుమారు రెండు చాలు. రికార్డులు నిలబెట్టండి, దొంతర పెడితే వంగుతాయి. 78ల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డుల) మీద ఆల్కహాల్ పోయొద్దు, లక్క కరుగుతుంది. వాటికి ఎల్‌పీ సూది కూడా సరిపోదు, వాటి గాడి చాలా వెడల్పు. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో కొనేటప్పుడు రికార్డుని వెలుతురుకి వాల్చి చూడండి. గోరుకి తగిలే గీత సూదికీ తగులుతుంది.

కచేరీ ఫైళ్లు యూట్యూబ్‌లో పెట్టే ముందు కళాకారుల కుటుంబాన్ని అడగండి. ప్రదర్శకుల హక్కు మన చట్టంలో 50 ఏళ్లు.

ఫైలు మొదట్లో అనౌన్సర్ గొంతు కత్తిరించకండి. వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అన్నది చాలాసార్లు ఆ ఒక్క వాక్యంలోనే ఉంటుంది. లోపలి అట్ట రెండు వైపులా ఫోటో తీసి అదే ఫోల్డర్లో పెట్టండి. అట్ట మీద "మోహన, బాగుంది" అని రాసి ఉంటే ఫైలు పేరులో ఆ "బాగుంది" కూడా ఉంచండి.