సవరణ: 1976లో ఖన్నా మాట నెగ్గలేదు

సహజ న్యాయ సిద్ధాంతం (హక్కులు రాజ్యం ఇచ్చేవి కావు, మనిషికి పుట్టుకతోనే ఉంటాయన్న వాదం) మీద పెట్టిన పోస్టులో ‘ఎమర్జెన్సీలోనూ బతికే హక్కు పోదని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది’ అన్న వాక్యం తీసేశాను. హన్మకొండలో లా చదువుతున్న ఒక తమ్ముడు పరీక్షలో అదే రాస్తానంటున్నాడు కాబట్టి వివరంగా చెప్పాలి.

జబల్పూర్ ఏడీఎం (అదనపు జిల్లా మేజిస్ట్రేట్) కేసులో 1976 ఏప్రిల్ 28న కోర్టు చెప్పింది దానికి పూర్తిగా తిరగబడ్డ మాట. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణం అమలు ఆగినప్పుడు, నిర్బంధంలో ఉన్నవాడు హెబియస్ కార్పస్ (అక్రమంగా నిర్బంధించారంటూ కోర్టుకెళ్లే పిటిషన్) వేయడానికే లేదన్నారు నలుగురు జడ్జీలు. విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద లోపలికి పోయిన మన వరంగల్ వాళ్లకూ ఆ తలుపు అట్లనే మూసుకుంది. కాదన్నది ఐదో జడ్జి హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే: ప్రాణం, స్వేచ్ఛ రాజ్యాంగం పెట్టిన భిక్ష కాదు, 21 లేకపోయినా చట్టం అండ లేకుండా రాజ్యం వాటిని లాక్కోలేదు. తర్వాతి ఏడాది ఆయనను పక్కనపెట్టి జూనియర్‌ను చీఫ్ జస్టిస్ చేశారు. ఆయన రాజీనామా చేశారు.

ఆ తీర్పు 2017లో గోప్యత హక్కు మీద నడిచిన పుట్టస్వామి కేసులో గానీ రద్దు కాలేదు. తప్పని రాసినవారిలో డి.వై. చంద్రచూడ్ ఉన్నారు, 1976 నలుగురిలో ఒకరు ఆయన తండ్రే!

అట్లని ఖన్నాను అచ్చంగా సహజ న్యాయ సిద్ధాంతాన్నే పట్టుకున్నవాడు అనలేం. ఆయన ఎక్కువగా ఆధారపడ్డది చట్టబద్ధ పాలన మీద. అంతకన్నా గట్టి రక్షణ 1978లో 44వ సవరణతో వచ్చింది: ఎమర్జెన్సీలోనూ 20 (నేరశిక్షల విషయంలో రక్షణ), 21 అధికరణాల అమలు ఆపడానికి లేదు.