నేల టికెట్టు గానసభ

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో కింగ్స్ థియేటర్ అని ఒక సినిమా హాలుంది. 1929లో తెరిచారు. వెర్సాయ్ రాజభవనాన్నీ ప్యారిస్ ఒపేరానీ మనసులో పెట్టుకుని గీసిన నమూనా, మూడున్నర వేల పైచిలుకు సీట్లు. తర్వాత ఇంటింటికీ టీవీలొచ్చాయి, డబ్బున్నవాళ్లు శివార్లకి మారిపోయారు, 1977లో తాళం పడింది. ముప్పై ఏడేళ్లు వానకి నాని పెచ్చులూడాక, దాదాపు 95 మిలియన్ డాలర్లు పోసి బాగుచేసి, 2015లో గాయని డయానా రాస్ పాటతో మళ్లీ తెరిచారు. ఇప్పుడక్కడ జరిగేవి ఎక్కువగా కచేరీలే.

విశాఖపట్నం వాడిగా ఇది నాకు తీవ్రమైన అవమానం. సినిమా హాల్లో కచేరీ పెట్టడానికి అంత డబ్బా? మా ఊళ్లో పైసా ఖర్చు లేకుండా రోజుకి నాలుగు ఆటలూ అదే జరిగేది.

చరిత్ర తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అమెరికాలో ఆ హాళ్లు కట్టిన రోజుల్లో సినిమాతో పాటు ఆటపాటలు కూడా ఉండేవి కాబట్టి తెర ముందు పెద్ద స్టేజీ, వాద్యాలవాళ్లకి గొయ్యి ఏర్పాటు చేశారు. మైకు లేకపోయినా చివరి వరసకి గొంతు వినపడేలా కట్టారు. అందుకే ఇప్పుడు బ్యాండ్లు అంత సులువుగా ఇమిడిపోయాయి. మనకీ మూకీల కాలంలో తెర ముందు హార్మోనియం, తబలా ఉండేవి. 1932లో తెర తెలుగు మాట్లాడటం నేర్చుకుంది, హార్మోనియం పెట్టెకి మూత పడింది. ఖాళీ అయిన ఆ ఉద్యోగంలో ప్రేక్షకుడు జీతం లేకుండా చేరాడు.

నేను కళ్లారా చూసిన ఒక కచేరీ చెబుతాను. హాలు పేరు చెప్పను, ఇప్పుడక్కడ బట్టలమ్మేవాళ్లు నొచ్చుకుంటారు. అప్పట్లో ప్రొజెక్టర్లో వెలుతురు కార్బన్ కడ్డీల నుంచి వచ్చేది. కడ్డీ అరిగేకొద్దీ ఆపరేటర్ దాన్ని జరుపుతూ ఉండాలి. మా ఆపరేటర్ భోజనప్రియుడు, మ్యాట్నీకి కునుకు తీసేవాడు. సరిగ్గా డ్యూయెట్ మధ్యలో హీరోయిన్ ముఖం పసుపెక్కి, ఎరుపెక్కి, చీకట్లో కలిసిపోయింది. రీలూ ఆగింది. ముందు నేల నుంచి ఒక ఈల, అది శ్రుతి. బాల్కనీ నుంచి జవాబు ఈల. బెంచీల వాళ్లు చెక్క మీద చేతుల్తో తాళం అందుకున్నారు. ఇంతలో చీకట్లో ఎవడో పాట ఎక్కడ ఆగిందో అక్కడే పట్టుకుని చరణం పూర్తి చేశాడు. ఆడవాళ్ల వైపు నుంచి హీరోయిన్ లైన్లు కూడా వచ్చాయి! మళ్లీ బొమ్మ పడగానే జనం తిట్టిన తిట్లు ఆపరేటర్ నిద్రపోయినందుకు కాదు, లేచినందుకు.

ఇక పరిరక్షణ సంగతి. 1970ల్లో అట్లాంటాలోని ఫాక్స్ థియేటర్‌ని పడగొట్టి ఆఫీసు కట్టుకుందామని ఒక టెలిఫోన్ కంపెనీ చూస్తే, జనం ఉద్యమం చేసి, చందాలెత్తి కాపాడుకున్నారట. మేమూ చందాలెత్తుతాం, వినాయక చవితికీ హీరో కటౌట్‌కీ. కటౌట్ ఆనించే గోడ మాత్రం గజాల్లెక్కన అమ్ముడవుతుంది. అలాగని మాకు వారసత్వం మీద ప్రేమ లేదనకండి. మేము హాళ్లని స్టాపులుగా కాపాడుకుంటాం. జగదాంబ, లీలామహల్ అని ఆటోవాడు రోజుకి వందసార్లు నామస్మరణ చేస్తాడు. పూర్ణా మార్కెట్లో వంకాయలు బేరమాడే ప్రతి ఇల్లాలూ తెలియకుండానే పూర్ణా అనే టాకీసుకి దండం పెడుతోంది. డాలర్లు అక్కర్లేని పద్ధతి.

అయినా ఎవరైనా మహానుభావుడు ఇక్కడో పాత హాలుని కచేరీ హాలు చేస్తానంటే అడ్డుపడను. శాస్త్రీయ సంగీతానికి కళాభారతి ఆడిటోరియం ఉంది, దుమ్ము రేపే పాటలకి విశాఖ ఉత్సవ్ నాటి బీచ్ ఉంది. ఇది మూడో రకానికి, అంటే పై ఈలలకి ఉండాలి. షరతులు కొన్నే. నేల టికెట్టు ఉండి తీరాలి. ఫ్యాన్లు కిర్రుమనాలి, అది తంబురా. తెర చుట్టూ రంగు బల్బుల్లో కనీసం ఒకటి మాడిపోయి ఉండాలి. స్టేజీ మీద ఎంత పెద్ద గాయకుడున్నా, కరెంటు పోయిన క్షణం నుంచి అతను వినాలి.

ఈ ప్రతిపాదనతో, పాతికేళ్లు గేటు దగ్గర టికెట్లు చింపిన ఒక పెద్దాయన్ని టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. బ్రూక్లిన్, డాలర్లు, డయానా రాస్, అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"ఆవిడ ఎంతసేపు పాడింది బాబూ?"

"గంటన్నరో, రెండు గంటలో."

"మధ్యలో ఇంటర్వెల్ ఇచ్చారా?"

"లేదనుకుంటాను."

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. "మరి కేంటీనోడు ఏటైపోవాలి?"