పెరట్లో నీళ్ల పొయ్యిని ఎవరు లెక్కలో వేసుకుంటారు?

మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో వంటింటి పొయ్యి మారింది కానీ, పెరట్లో స్నానాల నీళ్లు కాచే పొయ్యి మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. 2016లో ఉజ్వల పథకం వచ్చింది. 2024 నవంబరు 1న ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లిచ్చే దీపం రెండో విడతను మన జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో ప్రారంభించారు. వాటి వల్ల అన్నం, కూర వండే ఆడవాళ్లకు పొగ బాధ చాలావరకు తప్పింది. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. అయితే కార్తీకం మొదలుకొని మాఘం వరకు తెల్లవారుజామున మా ఉద్దానం ఊళ్లలో ఏ వీధిలో నడిచినా మంచుతో పాటు కట్టెల పొగ కూడా ముఖానికి తగులుతుంది. పొయ్యి మార్పు గురించి మాట్లాడే అధికారులు, నాయకులు, పత్రికలవారు వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారనీ, ఆ గుమ్మం దాటి పెరట్లోకి రావడం లేదనీ నా ఫిర్యాదు.

ఆ పొయ్యి దగ్గర కాసేపు నిలబడి చూస్తే విషయం అర్థమవుతుంది. మూడు రాళ్ల మీద మసిబారిన అల్యూమినియం గుండిగ ఉంటుంది. దాని కిందకు కొబ్బరి మట్టలు, జీడి కొమ్మలు, ఎండిన కమ్మలు, ఏది దొరికితే అది వెళ్తుంది. రాత్రి మంచుకు తడిసిన మట్ట ఒక పట్టాన అంటుకోదు. ఊదుగొట్టంతో ఊదీ ఊదీ కళ్లు ఎర్రబడిన తరువాత గాని మంట నిలబడదు. ఇంట్లో అందరికంటే ముందు లేచి ఆ పని చేసేది కోడలో, అత్తగారో, పెళ్లి కాని ఆడపిల్లో అయి ఉంటుంది. సలసల కాగిన నీటిని చెంబుతో ముంచి బకెట్లోకి పోసి, చన్నీళ్లు కలిపి, ఆ బకెట్టును స్నానాల గది దాకా మోసేదీ వాళ్లే. కాళ్లకు అడ్డం పడే చిన్నపిల్లలుండే ఇంట్లో అది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర లేదు. ఇంట్లో బాలింత ఉన్నా, మోకాళ్ల నొప్పులతో ముసలివాళ్లున్నా ఈ పని చలికాలంతో ముగియదు, ఏడాది పొడవునా ఉంటుంది. సంక్రాంతికి హైదరాబాదు, చెన్నైల నుంచి పిల్లలందరూ వచ్చినప్పుడైతే ఆ పొయ్యి మధ్యాహ్నం దాకా ఆరదు.

ఊరకనే దొరికే కట్టె కదా, ఖర్చేముంది అని అడిగేవారున్నారు. ఇరవై లీటర్ల బకెట్టు నీటిని ఇరవై డిగ్రీల మేర వేడెక్కించడానికి మూడు రాళ్ల పొయ్యిలో సుమారు ఒక కిలో కట్టె కాలుతుంది, ఎందుకంటే అలాంటి పొయ్యిలో పుట్టిన వేడిలో ఎనిమిదో వంతో, పదో వంతో మాత్రమే నీటికి చేరి, మిగిలినదంతా గాలిలో కలిసిపోతుంది. ఐదుగురున్న ఇంటికి రోజుకు నాలుగైదు కిలోల కట్టె కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన జీడి, కొబ్బరి తోటలను నేలకూల్చిన తరువాత కొంతకాలం కట్టెకు కొదవ లేకపోయింది. ఆ కలప ఎప్పుడో అయిపోయింది. కొత్తగా నాటిన మొక్కలు ఇంకా ఎదుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు కట్టె కొనే ఇళ్లు కూడా మా వైపు ఉన్నాయి. కొనలేనివారు జీడిపిక్కల పెంకులు తెచ్చి కాలుస్తున్నారు. ఆ పెంకుల్లోని నూనె పొగ గొంతులో ఎలా గుచ్చుకుంటుందో జీడి పరిశ్రమ దగ్గర బతికినవారందరికీ తెలుసు.

మరి గ్యాసు మీదే కాచుకోవచ్చు కదా అంటారా? అదే ఐదుగురి స్నానాలకు గ్యాసు వాడితే, వంట సంగతి పక్కన పెట్టినా, 14.2 కిలోల సిలిండరు నెలన్నరకే ఖాళీ అవుతుంది. ఏడాదికి మూడు సిలిండర్లతో సర్దుకునే ఇల్లాలు దానిని స్నానాల నీళ్లకు ఎందుకు వెలిగిస్తుంది? ఆమె లెక్క తప్పు కాదు.

అందువల్ల చాలా ఇళ్లలో కట్టెల పొయ్యి స్థానంలోకి వచ్చినది సంతలో ఐదారు వందలకు దొరికే కరెంటు హీటరు రాడ్డు. ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. పదిహేను వందల వాట్ల రాడ్డు దాదాపు ఆరున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మన ఇళ్లలో దానిని పెట్టేది ఫ్యాను, సెల్‌ఫోను ఛార్జరు పెట్టే చిన్న ప్లగ్గులో. ఆ ప్లగ్గు కొన్నాళ్లకే నల్లబడుతుంది, ప్లాస్టిక్ కరిగిన వాసన వస్తుంది, అయినా టేపు చుట్టి వాడుతూనే ఉంటారు. పాత ఇళ్లలో ఎర్తింగు ఉండదు, ఉన్నా అది పనిచేస్తుందో లేదో ఎవరూ చూడరు. నీళ్లు కాగాయో లేదో చూద్దామని స్విచ్చు కట్టకుండా బకెట్లో చేయి పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు ప్రతి చలికాలంలోనూ చదువుతున్నాం. రాడ్డు మానలేనివారు కనీసం పదహారు ఆంపియర్ల పవర్ ప్లగ్గు, సరైన ఎర్తింగు, లీకేజీ కనిపెట్టి కరెంటును ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి. ఇక బిల్లు విషయానికొస్తే, ఐదు బకెట్లకు రోజుకు రెండుంపావు యూనిట్ల పైమాటే, అంటే నెలకు సుమారు డెబ్భై యూనిట్లు. అప్పటికే నెలకు 120 యూనిట్లు వాడే ఇల్లు దీనితో యూనిటుకు ఆరు రూపాయల శ్లాబులోకి వెళ్లి, నాలుగు వందల రూపాయలకు పైగా అదనంగా కడుతుంది.

సోలార్ వాటర్ హీటరు మన ప్రాంతానికి సరిగ్గా సరిపోతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. మనకు వేన్నీళ్లు ఎక్కువగా కావలసిన డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఎంత మంచు కురిసినా, పది గంటలు దాటేసరికి ఆకాశం తేటపడి చక్కటి ఎండ కాస్తుంది. డాబా మీద గాజు గొట్టాలు ఆ ఎండను పట్టుకుంటాయి. వేడెక్కిన నీరు తేలికై తనంతట తానే పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది, చల్లని నీరు కిందకు దిగుతుంది. మోటారు అక్కర లేదు, కరెంటు అక్కర లేదు. ట్యాంకు చుట్టూ ఉన్న దట్టమైన పొర వల్ల సాయంత్రం వేడెక్కి ఉన్న నీరు మరునాటి ఉదయం స్నానాలకు వేడిగానే దొరుకుతుంది. వంద లీటర్ల ట్యాంకు నీటికి చన్నీళ్లు కలుపుకుంటే నలుగురైదుగురు హాయిగా స్నానం చేయవచ్చు. ముసురు పట్టిన రోజుల్లో, తుపాను రోజుల్లో అది పనిచేయదు. ఆ నాలుగు రోజులకు పాత పొయ్యి ఉండనే ఉంది.

అమ్మేవారు చెప్పని చిక్కులు కొన్ని ఉన్నాయి, వాటిని దాచడం మంచిది కాదు. సోలార్ ట్యాంకు కంటే పైఎత్తున చన్నీళ్ల ట్యాంకు ఉండాలి. మన పల్లెల్లో డాబా ఇళ్లు ఎన్నో కట్టారు కానీ, డాబా మీద ట్యాంకు, దాని నుంచి స్నానాల గదికి పైపు ఉన్న ఇళ్లు ఇప్పటికీ తక్కువే. వీధి కుళాయి నుంచి బిందెలతో మోసుకునే ఇంటికి సోలార్ హీటరు అమ్మడం మోసమవుతుంది. రెండోది, తీరం వెంబడి బోరు నీటిలో ఉప్పు, సున్నం ఎక్కువ. రాగి రేకు పలకలతో వచ్చే రకంలో సన్నని గొట్టాలు ఉప్పు పట్టి పూడుకుపోతాయి కనుక, అటువంటి నీరున్నచోట గాజు గొట్టాల రకం తీసుకుని ఏడాదికోసారి కడిగించుకోవాలి. మూడోది కొబ్బరి చెట్టు నీడ. ఉద్దానంలో ఇంటికి దక్షిణాన చెట్టు లేని డాబా వెతుక్కోవలసి వస్తుంది. మధ్యాహ్నం రెండు గంటల పాటు నీడ పడితే చాలు, నీళ్లు గోరువెచ్చగా మిగిలిపోతాయి. ఇక గాలివానలు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, ఆ తరువాత తిత్లీ చూసినవాళ్లం, డాబా మీద గాజు పెట్టడానికి జంకడం సహజం. స్టాండును ఇటుకల మీద నిలబెట్టకుండా కాంక్రీటులో బోల్టులతో బిగించాలి. హెచ్చరిక వచ్చినప్పుడు ట్యాంకును నింపి ఉంచితే ఆ బరువు కూడా దానిని పట్టుకుంటుంది. ఎగిరొచ్చిన కొమ్మ తగిలి ఒక గొట్టం పగిలితే నీళ్లన్నీ కారిపోతాయి కానీ, ఆ ఒక్క గొట్టాన్ని మారిస్తే సరిపోతుంది.

ఆ గొట్టం మార్చే మనిషి ఎక్కడున్నాడన్నదే అసలు ప్రశ్న. మాకు దగ్గరలోని ఒక విద్యార్థుల వసతి గృహం మీద పెద్ద సోలార్ హీటరు పెట్టారు. చిన్న లీకేజీ వచ్చి ఆగిపోయిన దానిని బాగుచేసేవారు దొరక్క అలాగే వదిలేశారు. ఇప్పటికీ అది డాబా మీద దుమ్ము పట్టి కనిపిస్తుంది, పిల్లలు కింద చన్నీళ్ల స్నానమే చేస్తున్నారు. అది చూసిన ఊరివాళ్లు సోలార్ అంటేనే పెదవి విరుస్తున్నారు. ప్రతి మండలంలో ఇద్దరు ముగ్గురు ప్లంబర్లకు ఈ పని నేర్పి, విడి గొట్టాలు, రబ్బరు రింగులు మండల కేంద్రంలో దొరికేలా చేయకుండా వందల కొద్దీ హీటర్లు పంచినా ప్రయోజనం ఉండదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. వంద లీటర్ల గాజు గొట్టాల హీటరు సుమారు ఇరవై వేల రూపాయలవుతుంది. ఒకప్పుడు కేంద్రం వీటికి సబ్సిడీ ఇచ్చి, పదేళ్ల కిందటే దానిని ఆపేసింది. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకంలో కరెంటు పుట్టించే సోలార్ పలకలకు మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల వరకు సబ్సిడీ ఉంది, నీళ్లు కాచే హీటరుకు మాత్రం రూపాయి లేదు. కరెంటు పలక తన మీద పడే ఎండలో ఐదో వంతును మాత్రమే వాడుకుంటుంది, నీళ్ల హీటరు సగం దాకా పట్టుకుంటుంది. నెలకు డెబ్భై ఎనభై యూనిట్లు వాడే పల్లె ఇంటికి మూడు కిలోవాట్ల పలకల అవసరం లేదు, వేన్నీళ్ల అవసరం రోజూ ఉంది. సబ్సిడీ తిరిగి వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోకుండా, డ్వాక్రా సంఘాల ద్వారా పదిహేను ఇరవై ఇళ్లవారు కలిసి ఒకేసారి కొనుక్కుంటే ధర తగ్గుతుంది, అమ్మినవాడు మరమ్మతుకు రాక తప్పదు. సంఘం అప్పుతో ఆవులు, గేదెలు, కుట్టు మిషన్లు కొన్న ఆడవాళ్లు తమ నడుము కోసం, కళ్ల కోసం ఒక వస్తువు కొనుక్కోవడానికి ఎవరి అనుమతీ అడగనక్కర లేదని నా అభిప్రాయం.

పెంకుటింటివారికి, పూరింటివారికి సోలార్ ఇప్పట్లో కుదరదు. గుండిగ మీద మూత పెట్టడం, మూడు రాళ్ల చుట్టూ మట్టి గోడ కట్టి వెనుక పొగగొట్టం పెట్టడం, వీలైతే మధ్యలో మంట ఉండే రాగి బాయిలరు వాడడం, వీటితోనే కట్టె బాగా తగ్గుతుంది. రాత్రంతా డ్రమ్ములో చల్లబడిన నీటి కంటే అప్పుడే మోటారు వేసి పట్టిన బోరు నీరు వెచ్చగా ఉంటుంది కనుక, కరెంటు ఉన్న సమయం చూసి దానినే కాచుకోవాలి.

ఈ ఏడాది స్లాబు పోసుకుంటున్నవారికి ఒక్క మాట. సోలార్ ఇప్పుడు కొనకపోయినా సరే, ప్లంబరుతో ముందే మాట్లాడి, స్నానాల గది నుంచి డాబా దాకా వేన్నీళ్లకు తగిన రెండో పైపు గోడలోనే వేయించండి, మామూలు పీవీసీ పైపు ఆ వేడికి ఆగదు. చన్నీళ్ల ట్యాంకు దిమ్మెను స్లాబు మీద ఏడడుగుల ఎత్తున కట్టించండి, దక్షిణం వైపు ఎండ పడే చోటు ఖాళీగా వదిలి అక్కడ స్టాండు కోసం నాలుగు బోల్టులు కాంక్రీటులోనే నిలబెట్టించండి. ఇల్లు కడుతున్నప్పుడు ఈ పనికి కొద్దిపాటి ఖర్చే అవుతుంది. ఇల్లు పూర్తయి రంగులు వేశాక గోడలు పగలగొట్టి చేయించాలంటే ఏ ఇంటి యజమానీ ఒప్పుకోడు, నీళ్ల పొయ్యి మళ్లీ పెరట్లోనే మిగిలిపోతుంది.