పాలబ్బాయి చెప్పాడండీ!

ప్రతివాది రాత్రికి రాత్రి ప్రహరీ గోడ కూలగొట్టాడన్నది దావా. వాది తరఫు రెండో సాక్షి పక్కింటాయన.

2002 నుంచి చీఫ్, అంటే సాక్షి తనను పిలిచినవాళ్ల తరఫున మొదట చెప్పే సాక్ష్యం, అంతా బోనులో నోటితో చెప్పక్కర్లేదు. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 18వ ఆర్డరు 4వ రూలు కింద అఫిడవిట్ (ప్రమాణపత్రం) వేయాలి. వకీళ్ల గుమాస్తాలకు అంతకన్నా ఏం కావాలి! ఒకటో సాక్షి, అంటే వాది, అఫిడవిట్ కాపీ కొట్టి, పేరూ వయసూ మార్చి, రెండో సాక్షి చేత సంతకం పెట్టించడమే. ఇక్కడ మూడో పేరా మార్చడం మరిచాడు. దాంతో "సదరు స్థలము నాకు మా తండ్రిగారి వీలునామా ద్వారా సంక్రమించినది" అని పక్కింటాయన ప్రమాణపూర్తిగా చెప్పేశాడు. కింద "చదివించుకొని, సరియని ఒప్పుకొని" అనే ముక్క మాత్రం ఉంది.

ప్రతివాది వకీలు క్రాసుకు, అంటే ఎదురు ప్రశ్నలకు, లేచాడు.

"అయితే స్థలం మీదేనా?"

"మీరిప్పిస్తే వద్దంటానా సార్!"

అసలు గండం ఆరో పేరాలో ఉంది. "ప్రతివాది పలుగుతో గోడను పగులగొట్టుచుండగా నేను స్వయముగా చూచితిని."

"ఆ రాత్రి ఎక్కడున్నారు?"

"కాకినాడలో పెళ్లికెళ్లానండీ, ఒక్కణ్ణే."

"మరి చూసిందెవరు?"

"పాలబ్బాయి చెప్పాడండీ. వాడు అబద్ధమాడే రకం కాదు."

పాలబ్బాయి హరిశ్చంద్రుడే కావచ్చు. కానీ చూసిన సంగతి చూసినవాళ్లే, విన్న సంగతి విన్నవాళ్లే చెప్పాలంటుంది భారతీయ సాక్ష్య అధినియమం 55వ సెక్షను. 2024 జూలై 1కి ముందు అదే ఎవిడెన్స్ యాక్టు 60. బోనెక్కని మనిషిని క్రాస్ చేసేదెలా? పక్కింటాయన చెప్పగలిగిందల్లా, తెల్లారి బస్సు దిగి వచ్చేసరికి తన గుమ్మం దాకా ఇటుకలు పడున్నాయని. దావాకు అది పనికొచ్చే ముక్కే. అఫిడవిట్‌లో అదొక్కటే లేదు.

తాత్కాలిక ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) పిటిషన్‌లో అయితే "ఫలానావారి వల్ల తెలిసి నమ్ముచున్నాను" అనొచ్చు. నమ్మకానికి ఆధారం చూపిస్తే 19వ ఆర్డరు 3వ రూలు ఊరుకుంటుంది. గుమాస్తా ఆ అలవాటునే విచారణలోకీ లాక్కొచ్చాడు. అనవసరంగా వినికిడి సంగతులూ, వాదనలూ కూరితే, కోర్టు వేరేగా చెప్పకపోతే, ఆ అఫిడవిట్ ఖర్చు వేసినవాళ్ల నెత్తినే పడుతుందని కూడా ఆ రూల్లోనే ఉంది. అంతదాకా చదివిన గుమాస్తా కనిపిస్తే దండం పెట్టాలి.

పాలబ్బాయినే పిలిపిద్దామనుకున్నాడు వాది వకీలు. ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు) ఖరారయ్యాక 15 రోజుల్లోపు వేయాల్సిన సాక్షుల జాబితాలో అతని పేరు లేదు. కారణం చూపి అనుమతి పిటిషన్ వేయాలి. వేసేముందు ఎందుకైనా మంచిదని ఆఫీసుకు రప్పించి అడిగాడు.

"నేనెక్కడ చూశానండీ? పొద్దున్నే పాలు పోస్తుంటే ఈయనగారింట్లో అమ్మగారే చెప్పారు."

పలుగు చప్పుడుకు లేచి, కిటికీ తీసి, వీధిలైటు వెలుతుర్లో ప్రతివాదిని చూసింది ఆవిడే, పక్కింటాయన భార్య.

"ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా?"

"నన్నెవరడిగారండీ? ఈయన బస్సు దిగి, సంచీ అయినా లోపల పెట్టకుండా గేటు దగ్గరే పాలబ్బాయితో కబుర్లలో పడ్డారు!"